నిద్రకు రాని మేనత్త

మొన్న కోదాడలో ఒక పెళ్లికి వెళ్లి వస్తూ సూర్యాపేట బస్టాండులో దిగాను. ఎదురుగా పెద్ద ఫ్లెక్సీ. పైన దండ వేసిన నాయకుడి ఫోటో, కింద చేతులు జోడించిన ఆయన భార్య. ఫ్లెక్సీ చేసినవాడు ఆమె ముఖం మీది మచ్చలు చెరిపేశాడు గానీ ఉబ్బిన కళ్లను మాత్రం అలాగే ఉంచాడు. నాకిక చాయ్ తాగబుద్ధి కాలేదు. మా మేనత్త కూడా ఒకప్పుడు ఇలాగే గోడలకెక్కి, అక్కడి నుంచి అసెంబ్లీకి వెళ్లింది.

ఆమె భర్త, మా మామయ్య, మాటకారి, తిండిప్రియుడు. ఎమ్మెల్యేకు నిలబడ్డప్పుడు ప్రచారంలో మిర్చి బజ్జీల బండి కనబడితే వెనకున్న కార్లన్నీ ఆగాల్సిందే. ఓట్ల సంగతేమో గానీ బజ్జీలవాళ్లంతా మనవాళ్లేనని మా నాయన ఎగతాళి చేసేవాడు. పోలింగు దగ్గరపడ్డాక, మిర్యాలగూడ దారిలో ఆయన కారు ఆగి ఉన్న వడ్ల లారీని గుద్దింది. అభ్యర్థి పోయాడు కాబట్టి పోలింగు వాయిదా పడింది, పార్టీ వెంటనే ఇంకొకరిని నిలబెట్టాలి. దినాలు కాకముందే అత్త చేత నామినేషన్ వేయించారు. ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టింది.

మావైపు ఒక పద్ధతి ఉంది. దినాలయ్యాక పుట్టింటివాళ్లు వచ్చి భర్త పోయిన తమ ఆడబిడ్డను ఒక రాత్రి తమ ఇంటికి తీసుకెళ్తారు. నిద్రకు తీసుకుపోవడం అంటారు. పేరుకే నిద్ర, ఎవరూ సరిగ్గా పడుకోరు. వచ్చిపోయేవాళ్ల ముందు దిగమింగుకున్న ఏడుపంతా అక్కడ బయటికొస్తుంది. అందుకోసం నాయన తిరుమలగిరి నుంచి జీపు మాట్లాడుకుని, నన్నూ వెంటబెట్టుకుని వెళ్లాడు. వాకిట్లో అప్పటికే ప్రచారం బండి నిలబడి ఉంది. మామయ్య వెంట ఏళ్లుగా తిరిగిన కార్యకర్త అడ్డం వచ్చాడు.

"వదినా, నిద్రకు ఓట్లయినంక పోవచ్చు. ఇప్పుడు జనానికి మన మీద జాలి ఉన్నది. జర ఆలస్యమైతే మర్సిపోతరు."

అత్త నాయన వైపు చూసింది. ఆయన జీపు వైపు తిరిగాడు. చెల్లెలు ఎమ్మెల్యే అవుతుందన్న ఆశ ఆయనలోనూ ఉందని నాకిప్పటికీ అనుమానం. మా జీపు ఆమె లేకుండానే వెనక్కి వచ్చింది.

తర్వాత కొన్నాళ్లు ప్రచారంలో నేనూ తిరిగాను. ప్రతి ఊళ్లో ఒకటే వరస. కార్యకర్త మామయ్య గురించి మాట్లాడి మైకు అత్తకిస్తాడు, ఆమె రెండు మాటలకే ఏడుస్తుంది, కింద ఆడవాళ్లూ ఏడుస్తారు. మొదట్లో అదంతా నిజమే. మాడుగులపల్లికి వచ్చేసరికి మైకు పట్టుకోగానే కన్నీళ్లొచ్చేవి, మైకు వదలగానే ఆగేవి. నాకు భయమేసింది. కార్యకర్త మాత్రం వదిన బాగా కుదురుకుందని సంబరపడ్డాడు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది.

అత్త గెలిచింది. చెడ్డ ఎమ్మెల్యే కాదు. కాలువ చివరి పొలాలకు నీళ్లు వదలమని ఇంజనీర్ల ఆఫీసుల్లో గంటలకొద్దీ కూర్చునేది. ఎవరింట్లో చావైనా వెళ్లేది. భర్త పోయిన ఆడమనిషి పక్కన చాప మీద కూర్చుని, మగవాళ్లందర్నీ బయటికి పంపించేది. లోపల ఏం మాట్లాడేదో ఎవరికీ చెప్పేది కాదు. తర్వాతి ఎన్నికల్లో టికెట్ ఇంకొకరికిచ్చారు. నిన్నటిదాకా గేటు దగ్గర తోసుకున్నవాళ్లు ఫోను కూడా ఎత్తలేదు. ఆ వారమే చేతిసంచితో, బస్సులో, ఒక్కతే తిరుమలగిరి వచ్చింది.

"నిద్రకొచ్చిన, అన్నా" అంది.

అమ్మ చాప పరిచింది. నాయన మామయ్య మాట ఎత్తాడు. అమ్మ ఏడ్చింది, నాయన ఏడ్చాడు, గుమ్మంలో నిలబడి నేనూ ఏడ్చాను. అత్త మా ముగ్గుర్నీ మార్చిమార్చి చూసింది.

"నాకొస్తలేవు, అన్నా. గా మైకు ముంగటనే అన్నీ ఒడిసిపోయినయి."

నాయన తలెత్తలేదు. కాలమే అన్నీ మాన్పుతుందని అందరూ అంటారు. ఏడవాల్సిన కాలాన్ని ఓట్లకు ఇచ్చేసిన మనిషికి ఆ తర్వాతి కాలం ఏమీ చేయలేదని, ఆ చాప మీద పొడికళ్లతో కూర్చున్న మా అత్తను చూశాకే నాకు తెలిసింది.