మీ దిక్కు ఎట్ల?

మా లెక్కల సార్ మొన్న పొద్దున నాందేడ్‌లో పోయారు. మా బియ్యెస్సీ ఫలితాలు ఇంకా రాలేదు. "మీ ఫస్టుక్లాసు చూసినంకనే పోత" అనేవారు. ఆ ఒక్క లెక్కే తప్పింది.

అయిదేళ్ళ కిందట, పదకొండో తరగతిలో చేరడానికి మర్ఖేల్ నుంచి నాందేడ్ కాలేజీకి వచ్చాను. వరుసలో నిలవలేక అటూ ఇటూ తిరుగుతుంటే, "కాళ్ళకు చక్రాలున్నయా బిడ్డా? జర నిలబడు" అన్నారు, దరఖాస్తులు చూస్తున్న సార్. నా ముందు కెన్యా నుంచి వచ్చిన అబ్బాయి. అతని సర్టిఫికెట్ చూసి సార్ మావైపు తిరిగారు.

"లెక్కల్ల ఒకటి, ఇంగ్లీషుల రెండు! గింత సముద్రం దాటి ఫేల్ మార్కులు తెచ్చిండు!"

వరుసంతా నవ్వింది. అతను తలుపు పక్కకు జరిగి అక్కడే నిలబడిపోయాడు. మర్నాటితో గడువు ఆఖరు. సీటు రాకపోతే అతను తన దేశానికి తిరిగి పోవాల్సిందే.

మధ్యాహ్నం అన్నం డబ్బాతో బయటికొచ్చిన సార్‌కు అతను ఇంకా అక్కడే కనిపించాడు. ఈసారి హిందీలో అడిగారు, మీ దిక్కు మార్కులెట్ల ఇస్తరని.

"ఒకటే అన్నిటికన్నా మేలు సార్. తొమ్మిదొస్తే ఫేల్."

సార్ నుదురు కొట్టుకున్నారు. "అరె, క్లాసుల ఒకటో నంబరు అచ్చినోణ్ని ఫేలంటమా? నేనేం లెక్కల సార్నే!"

ఆ చదువు మన పదో తరగతికి సమానమని ఔరంగాబాద్‌లో బోర్డువాళ్ళు రాసివ్వాలి. డబ్బా మూత తీయకుండానే అతన్ని వెంటబెట్టుకుని బస్సెక్కారు. మర్నాడు ఆఫీసు తలుపు మూస్తుంటే ఇద్దరూ చెమటలు కక్కుతూ వచ్చారు. సీటు దొరికింది.

అప్పట్నుంచి ఎవరినైనా కాదనే ముందు "మీ దిక్కు ఎట్ల?" అనడం సార్‌కు అలవాటైంది. ఇస్లాపూర్ అమ్మాయి రోజూ ఆలస్యంగా వస్తుంటే కోప్పడలేదు, "మీ దిక్కు బస్సులెట్ల?" అన్నారు.

మొన్న ఆ కెన్యా అబ్బాయి సార్ ఇంటి వాకిలి బయటే నిలబడ్డాడు. సార్ భార్య తలెత్తి చూసింది.

"బయట నిలబడ్డవేంది బాబూ, లోపలికి రా. పోయినోళ్ళను మీ దిక్కు ఎట్ల సాగనంపుతరు?"

ఇన్నేళ్ళలో నేర్చుకున్న తెలుగులో చెప్పాడు. "అందరం పిడికెడు మట్టి వేస్తం అమ్మా."

"మావోళ్ళు కాలుస్తరు. అయినా తీస్కో."

సార్ సైకిలు ఆనించి ఉన్న గోడ కింద వంగి, అతను మట్టి తీసుకున్నాడు. గోదావరి దారిలో పాడె వెనక నడుస్తూ, వీధి మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా ఆ పిడికిలి విప్పలేదు.