కూర్చున్న కొలత

2022 ఆగస్టు. మిర్యాలగూడలో నా టైలరింగ్ షాపు అప్పటికి ముప్పై ఏళ్లు నడిచింది. రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, పరదా కట్టిన చిన్న ట్రయల్ రూము. ఆడవాళ్ల బట్టలే కుట్టేదాన్ని. రోజూ షాపు మూసేముందు ఆ రోజు కుట్టింది, చెడగొట్టింది రెండూ డైరీలో రాసేదాన్ని. ఇది ఆ డైరీ ముందు పెట్టుకుని రాస్తున్నదే.

ఆ నెల రెండో వారంలో త్రిపురారం వైపు నుంచి స్వరూప అనే అమ్మాయి వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్లు, అంగన్‌వాడీ టీచరు. చీర కిందికి లంగా కుట్టాలంది. లంగాలు ఇప్పుడు ఎవరూ కుట్టించుకోరు, రెడీమేడ్ దొరుకుతాయి. ఆ మాటే అన్నాను.

"బజార్ల దొరికేది కాదు పెద్దమ్మా. నాకు నాడా కట్టుకునే జాగ లేదు," అంది.

పరదా వేసి చూపించింది. పొట్టకు ఎడమ పక్క, సరిగ్గా నాడా బిగిసే ఎత్తులో, చర్మానికి అతికించిన సంచి ఉంది. పెద్దపేగు క్యాన్సర్. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి పేగు కొసను పొట్ట మీదికి తెచ్చారు. మలం ఆ సంచిలోకి వస్తుంది. దాన్ని కొలాస్టమీ అంటారని ఆమే చెప్పింది. ఏడాది పాటు మొలలనుకుని మందులు వాడిందట. తెలిసేసరికి కాలేయానికి పాకింది. నాలుగో స్టేజి, కీమో నడుస్తోంది. ఇదంతా రేషన్ కార్డులో పేర్లు చదివినట్టు చెప్పింది.

"ఇంట్ల నైటీతోటి ఎల్లిపోతది. సెంటర్ల యూనిఫాం చీర కట్టాలె. కీమో లేని వారాలు పోతనని చెప్పిన. ఇంకోటి..." అని ఆగింది. "మా చింటుగానికి నాలుగేండ్లు. ఆపరేషన్ అయినకాడికెళ్లి వాణ్ణి ఒళ్లె కూసోవెట్టుకోలే. సంచి గుంజుతడని భయం. వానికి కనవడకుంట కుట్టు."

"వానికేం చెప్పినవ్?"

"దెబ్బ తాకిందన్న. రోజూ అడుగుతడు, ఇంక మానలేదా అని."

నాడా తీసేశాను. బరువు భుజాల మీద పడేలా షమీజుకు లంగా కలిపి కుట్టాను. లోపల ఎడమ పక్క మెత్తటి నూలు బట్టతో సంచికి జేబు, ఖాళీ చేసుకోవడానికి పక్కన వెల్క్రో, అంటే చర్రుమని ఊడే అంటుపట్టీ. కుచ్చిళ్లు దోపడానికి నడుము బిగువు ఉండదు కాబట్టి ముందు మూడు హుక్కులు. చీరకట్టులో బయటపడేది ఎడమ నడుమే, అందుకని జాకెట్టు నాలుగు అంగుళాలు పొడవు పెంచాను. ట్రయల్‌లో నిలబడి చూసుకుంది, అటూ ఇటూ నడిచింది. నాకే ముచ్చటేసింది. 'ఫిట్టింగ్ బాగుంది' అని డైరీలో రాసుకున్నాను.

ఐదో రోజు తిరిగొచ్చింది. బట్ట ఉతికి మడిచి తెచ్చింది.

"నిలవడితె మంచిగనే ఉంది పెద్దమ్మా. కూసుంటె ఖతం."

సెంటర్‌కు పోయేముందు ఇంట్లో ఒకసారి చీర కట్టి చూద్దామనుకుందట. కింద కూర్చుని పిల్లవాడికి అన్నం కలుపుతుంటే బట్ట నడుము దగ్గర ముడత పడి సంచిని అదిమింది. సంచి అంచు ఊడింది. అదే సమయానికి వాడు, అమ్మ చీర కట్టిందన్న సంబరంతో, ఒళ్లోకి ఎక్కబోయాడు.

"నూకేసిన," అంది. "పోయి గోడకు తాకిండు. మల్ల నా దిక్కు రాలే. వాళ్ల నాయినమ్మ దగ్గరికి ఉరికిండు."

జబ్బు గురించి చెప్పినప్పుడు తడవని కళ్లు అప్పుడు తడిశాయి.

తప్పు నాదే. టైలర్లం కొలతలు నిలబెట్టి తీస్తాం. నాకు పని నేర్పినవాళ్లూ అలాగే నేర్పారు. మనిషి కింద కూర్చుంటే పొట్ట, తుంటి రెండూ మారిపోతాయి. అంగన్‌వాడీ టీచరు పనంతా పిల్లల మధ్య నేల మీదే. నేను ఆ సంగతి అడగనే లేదు.

"మల్ల కుడత. కానీ పిల్లగాన్ని తోలుకరావాలె," అన్నాను.

"వాడెందుకు?"

"వాడు ఒళ్లె కూసున్నంక నీ నడుము ఎంతుంటదో నాకెట్ల తెలుస్తది బిడ్డా? వాని బదులు బియ్యం బస్తా పెట్టి కొలవాల్నా?"

నవ్వింది. వెంటనే తల అడ్డంగా ఊపింది. "సూస్తడు."

"సూడనీ. దాసిపెట్టే బట్ట కుట్టిన, ఏమైందో సూసినవ్ గద."

రెండు రోజులు రాలేదు. మూడో రోజు మధ్యాహ్నం డ్రెస్ వేసుకుని, వాడి చెయ్యి పట్టుకుని వచ్చింది. చాప పరిచాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. వాడు మిషన్ దగ్గర నిలబడి దారం రీళ్లు చూస్తున్నాడు.

"రా చింటూ," అంది.

"నూకుతవ్," అన్నాడు వాడు.

ఆమె చున్నీ పక్కకు జరిపి, డ్రెస్ మీద నుంచే ఆ ఉబ్బు మీద చెయ్యి పెట్టింది.

"దెబ్బ కాదు బిడ్డా. అమ్మకు కడుపుల బీమారి అయ్యింది. డాక్టరు ఇక్కడ సంచి పెట్టిండు. దొడ్డికి దీంట్లకే వస్తది. గుంజితె ఊడుతది. గందుకే భయమై నూకిన."

"నొస్తదా?"

"సంచి నొయ్యది."

"ఎప్పుడు తీస్తరు?"

"తియ్యరు. ఉంటది."

వాడు ఆలోచించాడు. వచ్చి సంచికి దూరంగా, కుడి తొడ మీద కూర్చున్నాడు. అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పలేదు.

"నేనైతె బాత్రూంకు పోవాలె. నీకే మంచిగుంది," అన్నాడు.

ఆమె వాడి తల మీద గడ్డం ఆనించి నవ్వింది, చాలాసేపు. నేను టేపు పట్టుకుని ఆ నవ్వు ఆగేదాకా ఆగాను. నవ్వుతుంటే కొలత నిలవదు.

నిలబడ్డప్పటి కన్నా నడుము మూడున్నర అంగుళాలు ఎక్కువొచ్చింది. జేబు కింద గసెట్ వేశాను, అంటే కూర్చుంటే విచ్చుకునే ముక్కోణపు అతుకు. ఈసారి బట్ట నిలిచింది. ఆ చీరతోనే ఆమె సెంటర్‌కు వెళ్లింది, ఒంట్లో ఓపిక ఉన్న వారాలన్నీ.

మామూలుగా నా దగ్గరికి పాత బట్టలు వదులు చేయించుకోవడానికి వస్తారు. స్వరూప బిగుతు చేయించుకోవడానికి వచ్చేది. ఏడాదిన్నరలో నాలుగు సార్లు. నాలుగోసారికి పిల్లవాడు ఒళ్లో పట్టేంత చిన్నగా లేడు, మోసే బలం ఆమెకూ లేదు. పక్కనే ఆనుకుని కూర్చున్నాడు. అలాగే కొలిచాను. ఆ ఎండాకాలం ఆమె పోయింది.

తర్వాత షాపు పూర్తిగా ఎత్తేసేదాకా, వచ్చిన ప్రతి ఒక్కరినీ "ముందుగాల కూసో" అన్నాను. "జాకెట్టుకు కూసునుడెందుకమ్మా" అని ఎగతాళి చేసినవాళ్లున్నారు. ఏ పనికి వేసుకుంటారో, ఒళ్లో ఎవరుంటారో అడిగి రాసుకున్నాకే టేపు తీసేదాన్ని. అంతకుముందు ముప్పై ఏళ్లు నేను నిలబడి ఉన్న మనుషులకే బట్టలు కుట్టాను.