డబ్బా ఓబులేసు తలుపు

ఓబులేసుకు ఉండేది ఒకటే పిచ్చి: తలుపు మూయల్ల. తలుపు తెరిచి ఉంటే ఆ మనిషికి కంట్లో నలుసు పడినట్టే. ఒకసారి కర్నూలు నుంచి పెద్దాఫీసరొకాయన వచ్చి, ఓబులేసు డబ్బా గడపలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి ఫోటోకు నిలబడినాడు. ఫోటో తీసేవాడు కొంచెం ఇట్ల, కొంచెం అట్ల అంటానే ఉండాడు.

"సార్, లోపలికన్నా రాండి, బయటికన్నా పోండి," అన్నాడు ఓబులేసు.

"నేనెవరో తెలుసునా?"

"తెలుసు సార్. చల్లగాలిని బయటికి తోల్తాండే ఆయన."

ఆఫీసరు ఇంకో మాట అనేలోగా తలుపు మూసుకునింది. మర్నాడు పేపర్లో ఫోటో పడింది. తెల్లటి తలుపు, దాని పక్కన ఆఫీసరు మోచెయ్యి. అది కూడా సగమే.

డబ్బా అంటే, లారీ మీద తెచ్చి మా ఊరి బడి పక్కన దించిన పెద్ద ఇనుప పెట్టె. లోపలంతా ల్యాబు, గోడకు ఏసీ, కప్పు మీద సోలారు పలకలు. రాజంపేట నుంచి వచ్చిన ఓబులేసు దాంట్లో కూర్చోని మట్టి ఊపిరి కొలుస్తాడు. పత్తికట్టె కాలిస్తే ఎంత పొగ పైకి పోతాది, కాల్చకుండా పొడి చేసి దున్నితే నేల ఎంత లోపల దాచుకుంటాది, ఏటికేడు ముదురుతాండే ఈ ఎండలకు మందు మన చేలల్లోనే ఏమన్నా ఉండాదా అని ఆయన చూసేది. ముసలిదాన్ని, నా చదువు రెండో తరగతి దాటలేదు గానీ ఈ సంగతి ఒక్కసారికే అర్థమైంది. మా ఎండలు అట్లాంటివి.

పిచ్చి డబ్బాతో ఆగిందా అంటే అదీ లేదు. మా ఇంటికి మజ్జిగ తాగను వస్తే గోనెపట్ట పరదా దించి మరీ కూర్చున్నాడు. షేర్ ఆటో ఎక్కి తలుపు కోసం తడుముకున్నాడు. మా ఊరి హనుమేష్ కూతురి పెండ్లిలో సరిగ్గా తాళి కట్టే యాళకు లేచిపోయి షామియానా పరదా కట్టొచ్చినాడు. ఇక్కడ ఏసీ లేదు గదప్పా అని నేనంటే, అలవాటు తప్పకూడదవ్వా అన్నాడు.

ఏప్రిల్లో మా తోడికోడలు గంగక్క చేలో కండ్లు తిరిగి పడింది. చక్కెర జబ్బు, పూటపూటకూ సూది. ఆ మందు చల్లగా ఉండల్లంట. మా ఊర్లో కరెంటు పోతే ఎప్పుడొస్తాదో దానికే తెలీదు. కుండలో నీళ్లు పోసి, తడిగుడ్డ చుట్టి, అందులో సీసా దాచినా. ఆ ఎండకు కుండే కాగింది. మందు చెడింది, సూది వేసినా పని చేయలేదు. ఇంకోసారి ఇట్లయితే మనిషి దక్కదని డాక్టరమ్మ చెప్పింది. గంగక్కకూ నాకూ నలభై ఏండ్లుగా పడదు. అట్లని ఆమె పోతే నేనెవరితో పోట్లాడల్ల?

కొత్త సీసా కొంగున కట్టుకొని డబ్బా కాడికి పోయినా. ఎవరినీ ఏమీ అడిగిన నోరు కాదు నాది. గడపలో నిలబడి వాన గురించి, చింతపండు గురించి ఏదేదో చెప్తానే ఉండా.

"తలుపు మూయవ్వా," అన్నాడు ఓబులేసు.

నాకు ఒళ్లు మండింది. "ఒక మనిషి పానం పోతాంటే నీకు తలుపే కావల్సి వచ్చిందా?" అని లోపలికి పోయి విసురుగా మూసినా. సీసా ఆయన ముందర పెట్టినా.

ఓబులేసు ఫ్రిజ్ తెరిచినాడు. పైన మట్టి సీసాలు. కింది అరలో, మూతున్న చిన్న డబ్బాలో, సూదిమందు సీసాలు పదకొండు. పేర్లు లేవు, అంకెలే.

"ఎవరివప్పా ఇవి?"

"ఊరివే. పేర్లు అడగొద్దవ్వా, సిగ్గుపడతారు." గంగక్క సీసాకు పన్నెండని చీటీ అంటించినాడు. "తలుపు తెరిచి పెడితే ఏసీ బ్యాటరీనంతా తాగేస్తాది. అది అయిపోతే ఫ్రిజ్ నిలిచిపోతాది. మట్టి చెడితే మళ్లా తవ్వుకోవచ్చు."

నేనే పోయి తలుపు సరిగ్గా పడిందా లేదా అని నొక్కి చూసినా. ఊర్లో చెప్తే ఎవరూ నమ్మరు.

అప్పుడాయన తల గోక్కుంటా ఒకటి అడిగినాడు. పొద్దున తాను చేలకు పోయినప్పుడు నేనొచ్చి మెట్ల మీద కూర్చోవాలంట. అంకె చెప్పినవాళ్లకు సీసా ఇచ్చి, సూది అయినాక మళ్లా లోపల పెట్టాలంట. డెబ్బై ఏండ్లుగా నోరు తగ్గించుకోమన్నవాళ్లనే చూసినా గానీ, ఆ పైన ఆయనన్న మాట ఎవరి నోటా వినలేదు.

"పని లేకుండా వచ్చి నిలబడినోళ్లను మాత్రం తిట్టి పంపించవ్వా. నీ అంత బాగా నాకు రాదు."