తనకు తానే కస్టమరు

బ్యాంకులో చేరి మూడేళ్లయినా అతను అందరికీ కొత్తబ్బాయే. జీతం ఇంకా కొత్తబ్బాయిదే మరి. మెడకు టై, చెవికి ఫోను తగిలించుకుని పొద్దస్తమానం క్రెడిట్ కార్డులు అంటగడుతుంటాడు. ఆవేళ టార్గెట్‌కి ఒక్క కార్డు తగ్గింది. అది పూర్తయ్యేదాకా ఇంటికి పంపరు కనుక తన పేరుతోనే దరఖాస్తు పెట్టేశాడు. కంప్యూటర్ క్షణంలో తిప్పికొట్టింది, జీతం చాలదని! అలాంటి కస్టమరుకి ఫోన్ చేసి సర్దిచెప్పాలని రూలు. చేశాడు. జేబులో సెల్లు మోగింది. రెండో చెవికి పెట్టుకున్నాడు.

"సారీ సార్, మీ జీతం సరిపోలేదండీ."

గొంతు మార్చాడు. "ఆ ముష్టి జీతం ఎవరిస్తున్నారో చెప్పమంటారా?"

"చెప్పండి సార్, కాల్ రికార్డవుతోంది."

హాలంతా పగలబడి నవ్వింది. అతను టై వదులు చేసుకుని, మూడేళ్లుగా మింగిందంతా కక్కేశాడు. కస్టమరు ఫిర్యాదు కదా, పైవాళ్లు వినక చస్తారా!