కూతకు పోయి పాఠం చెప్పినవాణ్ణి

ఆ సాయంత్రం పామిడిలో, పెన్న ఇసుకలో గీసిన కబడ్డీ బరి దగ్గర ఉన్నవి ఇవి: మా బత్తలపల్లె జట్టు, రాయదుర్గం జట్టు, ఈల కొరుకుతున్న అంపైరు, గుంజకు కట్టేసిన బహుమతి పొట్టేలు, దాన్ని అప్పటికే కూరగా చూస్తున్న మా కెప్టెన్ ఓబులేసు బావ, ఇంజనీరింగ్ ముగించి ఉద్యోగ పరీక్షల కోసం ఇంగ్లిషు మాటల పుట్టుపూర్వోత్తరాలు బట్టీ పడుతున్న నేను. వీటిలో కొంప ముంచబోయేది ఏదో మీకు కాసేపట్లో తెలుస్తుంది. పొట్టేలు మాత్రం కాదు.

గెలవడం బావకు పరువు సమస్య. పొట్టేలు మాదేనన్న ధీమాతో, మరుసటి రోజు భోజనానికి కొత్త అత్తగారి వాళ్లను పిలిచేశాడు. ఇంట్లో మసాలా కూడా నూరించాడు.

సగం ఆటయ్యాక రెండు జట్లూ ఒకే షామియానా కింద కూలబడ్డాయి.

"రేయ్, మనోళ్లకు దమ్ము చాల్లేదు," అన్నాడు బావ.

అంతే, నాలోని పండితుడు నిద్ర లేచాడు.

"బావా, దమ్మును ఇంగ్లిషులో బ్రెత్ అంటారు. మొదట్లో దానికి అర్థం ఊపిరి కాదు, వాసన! వేడి వస్తువు మీద లేచే ఆవిరిని గూడా అట్లనే అనేవాళ్లు. నోట్లోంచి వచ్చే గాలి అనేది తర్వాత చేరినాది..."

"నువ్వు నోరు మూసుకుంటే నాకు బ్రెత్తు ఆడతాది."

మావాళ్లు నీళ్ల వంకతో ఒక్కొక్కరే జారుకున్నారు. రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే ఖాజా మాత్రం కదల్లేదు. "వాసననా? నిజమేనా అన్నా?" అని మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు. ఇంత శ్రద్ధ గల శిష్యుడు అవతలి జట్టులో పుట్టాడే అని బాధపడ్డాను.

చివరి కూత వచ్చేసరికి స్కోరు సమానం. మావాళ్లలో మంచి ఆటగాడికి మడమ బెణికింది. మిగతావాళ్లకు దమ్ము అయిపోయింది. కూతకు మిగిలింది నేను.

"ఒకణ్ణి ముట్టుకో, గీత దాటు, సాలు. కూత మాత్రం ఆపొద్దు. నీ కాళ్లు పట్టుకుంటా," అన్నాడు బావ.

దూకాను. నా చెయ్యి ఎలా తగిలిందో నాకే తెలియదు, ఖాజా భుజానికి తగిలింది! కరెంటొచ్చిన బోరు మోటారులా "కబడ్డీ కబడ్డీ" అని కక్కుతూ వెనక్కి పరుగెత్తాను. మధ్య గీత కాలికి అందబోతోంది. నన్ను పట్టుకోలేక పడిపోయిన ఖాజా ఇసుకలోంచే అరిచాడు.

"అన్నా! బ్రెత్ అంటే మొదట్నుంచీ ఊపిరే గదా!"

పాఠకులారా, తప్పు జవాబు విని ఊరుకునే చదువు కాదు నాది. ఆగాను. వెనక్కి తిరిగాను. చూపుడువేలు కూడా ఎత్తాను.

"కాదప్పా! వాసన!"

ఈల మోగింది. కూత తెగినందుకు నేను ఔట్. ఖాజా ఒళ్లు దులుపుకుంటూ లేచి, "ఇప్పుడు బాగా గుర్తుంటాది సార్," అన్నాడు.

రాయదుర్గం వాళ్లు విప్పుకుపోతున్న పొట్టేలును చూస్తూ బావ అడిగాడు.

"ఇంతకూ నువ్వు చెప్పింది కరెక్టేనా?"

"కరెక్టే బావా. డిక్షనరీలో ఉండాది."

"అయితే రేపు మా అత్తోళ్లకు అదే వడ్డిస్తా. ఉత్త వాసన."

అందుకే పెన్న ఇసుక సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట గీత ఇవతల నా రెండు కాళ్లూ పడేదాకా, ఈ భూమ్మీద ఎవరు ఏ మాటకు ఎంత తప్పు అర్థం చెప్పినా దిద్దను.

రాయదుర్గం ముప్పై ఒకటి. మేము ముప్పై.