చెప్పకపోతే ఏందన్నట్టు?

భానుప్రకాశ్‌కు ఈ లోకాన్ని అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "చెప్పకపోతే ఏందన్నట్టు?"

నాగర్‌కర్నూల్‌లో ఒక కంటి దవాఖానలో కంప్యూటర్ల పని ఆయనది. రోజూ చేసే పనులు వాటంతటవే జరిగిపోయేలా స్క్రిప్టులు రాస్తాడు. మనిషి ఏమీ చెప్పనప్పుడు కంప్యూటరు ఏం అనుకోవాలో ముందే రాసిపెడతారు. దాన్ని డిఫాల్ట్ అంటారు. మిగతావాళ్లు దాన్ని ఆఫీసులో వదిలేసి ఇంటికి పోతారు. ఈయన వెంటబెట్టుకు పోతాడు. ఆయన కింద చేరిన మొదటిరోజే సుహాసినికి విచారణ మొదలైంది: "నువ్వు పొద్దున నమస్తే చెప్పకపోతే కోపమొచ్చినట్టా, మర్చిపోయినట్టా?"

గద్వాల నుంచి పెళ్లిచూపులకు పోయినప్పుడూ అంతేనట. "మీరేం చెప్పకపోతే ఇష్టమన్నట్టా, కాదన్నట్టా?"

"కాదన్నట్టే," అని పెళ్లికూతురు గీత సిగ్గుతో తల దించుకుంది. ఆ తర్వాత ఆమె ఏం చెప్పలేదు గనక ఈయన లేచి చెప్పులేసుకున్నాడు.

"ఓ గద్వాలాయనా! జర ఊపిరన్న తీసుకోనియ్యవా? ఇష్టమే, కూసో!" అని ఆమె వాకిట్లోకొచ్చి అరవాల్సి వచ్చింది.

దవాఖాన ఎదుటి హోటల్లో చాయ్ పోసే తిరుపతికి కూడా ఆజ్ఞ ఉంది: "నేనేం చెప్పకపోతే అరకప్పు, చక్కెర తక్కువ." ఓసారి గొంతు పోయి మూగగా కూర్చున్నాడు. అరకప్పు వచ్చింది, తాగాడు. ఇంకోటి వచ్చింది. అదీ తాగాడు. సుహాసిని వెతుక్కుంటూ వచ్చేసరికి బల్లమీద గ్లాసులు పెట్టడానికి జాగా లేదు.

"ఏంది తిరుపతన్నా, మనిషిని ముంచుతవా?"

"ఆపుమని చెప్పలే గదమ్మా!"

భానుప్రకాశ్ గుసగుసగా తీర్పు చెప్పాడు: "తప్పు ఆయనది గాదు. ఎప్పుడాగాల్నో నేనే చెప్పలే."

సుహాసినికి ఇదంతా నవ్వులాటే, మేనేజరు వెంకటేశ్వర్లు ఆమెను పిలిచేదాకా. శుక్లాల ఆపరేషన్ ఉన్నవాళ్లకు ముందురోజు స్క్రిప్టు ఒక మెసేజ్ పంపుతుంది: బండి కావాలంటే ఒకటి నొక్కండి. జవాబు రాకపోతే? భానుప్రకాశ్ డిఫాల్ట్ ప్రకారం బండి పోతుంది.

"వద్దన్నట్టు మార్చు," అన్నాడు మేనేజరు. "అడగనోళ్లకు గూడ బండా? డీజిల్ ఏమన్న వానతోని పడుతుందా?"

పేదవాళ్ల మౌనానికి అర్థం రాసేది ఎప్పుడూ ఏసీ గదుల్లోనే. కానీ సుహాసినికి ఆ మాట సబబుగానే తోచింది. "మనమైతే అడిగినం గదన్నా. జవాబియ్యకపోతే ఏం చేస్తం?" అంది భానుప్రకాశ్ దగ్గరికొచ్చి.

"మార్చు, కాదన. రేపొక్క ట్రిప్పు నాతోని పోయొచ్చినంక మార్చు."

మర్నాడు బండి అమ్రాబాద్ దాటి అడవి అంచున ఆగింది. రోడ్డు పక్కన ఈదమ్మ సంచీ పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకు ఒక కన్ను చిన్నప్పుడే పోయింది. మిగిలిన కంటికే ఆ రోజు ఆపరేషన్.

"అవ్వా, మెసేజ్ పంపినం. ఒకటెందుకు నొక్కలే?" అంది సుహాసిని.

ఈదమ్మ గొంతు వినబడిన వైపు తిరిగింది. "అది సదివే కన్నే ఉంటే మీ దవాఖానల నాకేం పని బిడ్డా?"

డ్రైవర్ గణేష్ స్టీరింగ్ మీద పడి నవ్వాడు. సుహాసినికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కంటి దవాఖాన, చూపు లేనివాళ్లకు, చదువుకొమ్మని మెసేజ్ పంపుతోంది! బోర్డు మీద అంతమంది డాక్టర్ల పేర్లున్నాయి, ఒక్కరికీ కనబడలేదు.

"నీకు ముందే తెల్సు గదన్నా? మేనేజరు సారుకు చెప్పొచ్చు గద?"

"చెప్పిన. ఆయన ఏం మాట్లాడలే." భానుప్రకాశ్ చెవి గోక్కున్నాడు. "ఏం మాట్లాడకపోతే సరే అన్నట్టు పెట్టుకున్న."

ఈదమ్మ ఎక్కలేదు. ఆమె కొంగు పట్టుకుని వెనక ఇంకో ఇద్దరు ముసలమ్మలు నిలబడ్డారు.

"మా వాడకట్టోళ్లే. ఈళ్లకూ చూపు మసకనే, సూపిచ్చుకుంటరంట. ఫోన్ లేదు. ఫోనే లేనోళ్లకు మీ కంప్యూటర్ల ఏం రాసిపెట్టిండ్రు?"

ఇన్నేళ్లలో ఈ ప్రశ్న భానుప్రకాశ్‌కు తట్టనేలేదు.

సుహాసిని తన బ్యాగు ఒళ్లోకి తీసుకుని కిటికీ పక్కకు జరిగింది.

"ఎక్కమని రాసిపెట్టినం అవ్వా. జర తల పైలం."