ఆముదం రాసిన బెల్టు

కొత్త వస్తువు ఏది ఇంట్లకొచ్చినా ముందు వాసన చూసుడు నా అలవాటు. విత్తనాల సంచి గానీ, చెప్పుల జత గానీ, దవాఖాన గోళీ గానీ. మొన్న ఎండకాలం మా అల్లుడు వనపర్తి నుంచి తాటిచెట్టు ఎక్కే బెల్టు తెచ్చినప్పుడు గూడ మొదలు ముక్కు దగ్గరనే పెట్టుకున్న. కాలిన టైరు వాసనొచ్చింది.

"ఏం మామా, కల్లు వాసనొస్తుందా?" అన్నడు అల్లుడు.

"కల్లైతే ఎవరు గీసిన్రో చెప్పేటోణ్ని. దీన్నెవడు కుట్టిండో నువ్వు చెప్పు."

"దుకాణపాయనను అడగలే మామా. మళ్ల పోయి అడిగొస్త, బస్సు కిరాయి నువ్వియ్యి."

ఇతను నా చెల్లె కొడుకే. నా బిడ్డను ఇచ్చిన. ఆత్మకూరు దగ్గర మా ఊర్ల తాళ్లు గీసి కల్లు దించి బతికే ఇండ్లల్ల మాదొకటి. నేను మోకాళ్లు అరిగేదాక ఎక్కి దిగిన. మా బావ, అంటే అల్లుని తండ్రి, ఒకనాడు ఎక్కిండు గానీ దిగలే. మోకు తెగింది. నడుమునూ చెట్టునూ కలిపి చుట్టుకునే లావు తాడును మేం మోకు అంటం. దాని మీద వెనక్కి వాలి, రెండు చేతులూ వదిలి గెల గీయాలె. ఆ పొద్దు బావ వాలిండు, తాడు ఆగలే. అప్పటికి అల్లునికి సరిగ్గ నడక గూడ రాలే. మా చెల్లె అప్పటి సంది ఇంటి ముందట నిలబడి తాటివనం దిక్కు చూడదు. చూడాల్సొస్తే కొంగు అడ్డం పెట్టుకుంటది.

అందుకే నా బిడ్డ ఈ బెల్టు కోసం పట్టుబట్టింది. "అత్త లెక్క కొంగు అడ్డం పెట్టుకొని బతుకుడు నాతోని కాదు" అని మొగనికి తెగేసి చెప్పింది. అట్ల అడిగినంక కొనకుండ ఎట్లుంటడు? నేను గూడ వద్దనలే. నా అనుమానం బెల్టు అనే దాని మీద కాదు, ఈ బెల్టు మీద.

ఎందుకో చెప్త. నడుముకు కట్టే పట్టా దళసరిగనే ఉంది. చెట్టు చుట్టూ తిరిగే పట్టీ దానికున్న ఇనుప బకిల్‌లకెళ్లి వస్తది. పైకి పోయిన కొద్దీ చెట్టు సన్నబడుతది గదా, ఆ బకిల్ కాడ పట్టీని గుంజి బిగించుకుంట పోవాలె. అంటే మనిషి పానమంతా ఆ బకిల్ పట్టు మీదనే. దాన్ని గోటితో కొట్టి చూసిన. ఖాళీ డబ్బ చప్పుడైంది. ఒక దిక్కు కుట్టు నల్లదారం, ఇంకో దిక్కు గోధుమరంగు దారం. ఎంత బరువు మోస్తదో రాసిన చీటీ ఒకటి అతికించిన్రు, అది వంకరగ ఉంది. గోటితో లేపితే కింద ఇంకో చీటీ. పైన అంకె వేరు, కింద అంకె వేరు.

"చూడు బిడ్డా, ఏది నిజం?" అన్న.

"నాయనా, మిర్చి బజ్జి పొట్లం మీద నిరుటి పేపరుంటది. బజ్జి గూడ నిరుటిదేనా?" అంది బిడ్డ. అల్లుడు పడీపడీ నవ్విండు.

లోపల ఒక కాగితం ఉంది. నాకు బడి లేదు. చింతపండు పొట్లాలు విప్పి, గోడల మీద ఓట్ల రాతలు చదివి తెలుగు నేర్చుకున్న. రాయచూరు లారీలు చూసి చూసి కన్నడ గూడ కూడబలుక్కుంట. ఆ కాగితం మీదున్నది రెండూ కావు. బొమ్మలల్ల ఒక మనిషి కరెంటు స్తంభం ఎక్కుతుండు. తాటిచెట్టు ఏడలేదు. ఎవరి కోసమో చేసిన దాన్ని తెచ్చి మనకు తగిలిస్తున్నరని అప్పుడే అన్న. ఎవరింటరు?

కొన్నాళ్లు బాగనే నడిచింది. అల్లుడు నన్ను చూసినప్పుడల్లా పట్టీని గుంజి చూపిచ్చి "వాసన చూస్తవా మామా?" అని ఎక్కిరించేది. నేను మాత్రం ఆయన ఎక్కినప్పుడల్లా కింద నిలబడి ఆ బకిల్‌నే చూసేది. కండ్లు మసకలైనా సరే.

ఒకనాడు పొద్దున పైకి పోయి, గెల దగ్గర వెనక్కి వాలిండు. పట్టీ మూరెడు జారింది. మనిషి వెనక్కి విరుచుకపోయి, చెట్టును వాటేసుకున్నడు. కాళ్లకు వేసుకునే గుజి ఉండబట్టి నిలదొక్కుకున్నడు. ఆ తాడు లేకుంటే ఏమయ్యేదో నేను రాయను. కిందికి వచ్చినప్పుడు రొమ్మంత గీరుకపోయి, కల్లు లొట్టి మీద చెయ్యి పెట్టుకొని కూసున్నడు. ఎక్కిరింపు ఆ దినంతోని బందైంది.

నేను బెల్టు సంచిల వేసుకొని వనపర్తి బస్సెక్కిన.

దుకాణపాయన మంచిగనే మాట్లాడిండు. అట్ల మాట్లాడేటోళ్లంటేనే నాకు భయం. పట్టీని రెండు వేళ్ల నడుమ పెట్టి రుద్ది, వాసన చూసిండు.

"ఆముదం రాసిన్రు పెద్దాయనా. నూనె తగిలితే బకిల్‌ల పట్టీ జారకుంట ఎట్లుంటది? తప్పు మీదే."

ఎవరు రాసిన్రో నాకు ఆయన చెప్పాల్సిన పని లేదు. మా ఇండ్లల్ల కొత్త మోకు చెట్టు మీదికి పోయే ముందు ఎక్కేటోని భార్య తన చేత్తోని దానికి ఆముదం రాస్తది. నారకు, తోలుకు నూనె లేకుంటే ఎండి పెళుసైతయి. రాయని ఇంటిదాన్ని తక్కిన ఆడోళ్లు నాలుగు మాటలంటరు. నా బిడ్డ కొత్త బెల్టుకు గూడ అట్లనే రాసి ఉంటది, ఇంకింత ఎక్కువే రాసి ఉంటది.

కానీ ఆయన మాట అంత జల్ది రావడం నాకు నచ్చలే.

"రాయొద్దని చెప్పినవా?" అని అడిగిన.

"అది ఎవరికైనా తెలుస్తది గదా."

"మాకు రాయాలని తెలుసు. పుట్టినప్పటి సంది తెలుసు. తాళ్లు గీసేటోళ్లకు అమ్ముతున్నవు, ఒక్క మాట చెప్పనీకి ఏమైంది? సరే, నూనె తగలని కొత్తది తియ్యి."

అట్టడబ్బల నుంచి తీసిండు. దుకాణం ముందట కానుగ చెట్టుంది. "కట్టుకొని వాలు" అన్న. ఆత్మకూరు బస్సు కోసం నిలబడ్డోళ్లు తమాషా చూడనీకి దగ్గరికొచ్చిన్రు. ఆయన నవ్వుకుంటనే కట్టుకున్నడు. జర వాలిండు, ఒక చెయ్యి మాత్రం చెట్టుకు అట్లనే ఆనించి పెట్టిండు.

"ఆ చెయ్యి వదులు."

"నడుము నొప్పి పెద్దాయనా."

"నేల మీద నిలబడి వదలవు, మా అల్లుణ్ని తాడి మీద వదలమంటవు?"

చూసేటోళ్లల్ల ఎవరో ఈల వేసిన్రు. ఆయన మొకం మాడింది. బెల్టు విప్పి నాకిచ్చిండు. నేను కట్టుకొని, కాళ్లు చెట్టుకు తన్ని పెట్టి, రెండు చేతులూ వదిలిన. ఎన్నేండ్లకో మళ్ల ఆ వాలుడు. మొదలు ఆగింది. తర్వాత నా వీపుకు తెలిసింది, పట్టీ మెల్లగ, చీమ నడిచినట్లు పోతుంది. బకిల్ పండ్లు దాన్ని పట్టుకోలేదు. ఒక్క చుక్క నూనె లేని కొత్త పట్టీ. అందరికీ చూపిచ్చిన. ఆయన గూడ చూసిండు.

అదే డబ్బలకెళ్లి ఇంకోటి తీసిండు. దాని మీద వాలితే కదల్లే. ఊగిన, ఎగిరిన, కదల్లే. రెండూ ఒకే రంగు, ఒకే చీటీ, ఒకే కంపు. మోకైతే పేనినోని చెయ్యి నాకు ఎరుకే, తప్పైతే వాని ఇంటి ముందట కూసునేది. వీటిల్ల ఏది ఆగుతదో, ఏది జారుతదో చేసినోనికైనా తెలుసా అంటే నాకు నమ్మకం లేదు.

"ఇది తీసుకపో పెద్దాయనా. ఇది మంచిది."

"మంచిదని నాకిప్పుడే తెలిసింది. నీకెప్పుడు తెలిసింది?"

ఆయన జారిన దాన్ని మడత పెట్టి మళ్ల అదే డబ్బల పెడుతుండు! ఇంకో ఇంటి పిల్లగానికి అంటగడతడు గదా. డబ్బలు కోసే కత్తి బల్ల మీదుంటే తీసుకొని, దాని పట్టీ కోసేసిన. నేను తెచ్చిన ఆముదం బెల్టు పట్టీ గూడ కోసిన. ఆయన ఒర్రిండు. నేనూ ఒర్రిన. నా కంఠం పెద్దది. ఆఖరికి ఆ మంచిది నా సంచిల వేసిండు.

ఇంటికొచ్చి బిడ్డకు అంతా చెప్పిన. ఆముదం మాట రాంగనే చేతులు కొంగుల దాసుకుంది.

"నేనే రాసిన నాయనా. రెండు సార్లు రాసిన. పానం మీదికి తెచ్చిన."

"కొత్తది గూడ జారింది బిడ్డా, నా నడుము మీదనే జారింది."

"మరి మనది? ఆముదానికి జారిందా, బకిల్‌కు జారిందా?"

తెల్వదన్న. కోసి పారేసిన, ఇంక తెలిసే దారి లేదు. ఆమెకు నా మాట ఆనలేదని మొకం చూస్తే తెలిసింది. ఆ రాత్రి అన్నం వడ్డించే ముందు సబ్బుతోని చేతులు కడిగి, మళ్ల కడిగింది.

తెల్లారి అల్లుడు వనానికి పోతుంటే వెనుకనే బయల్దేరింది, నేనూ నడిచిన. చెట్టు కింద బెల్టు ఆయన చేతులకెళ్లి గుంజుకొని, చీరకొంగు బిగించి తన నడుముకు కట్టుకుంది. పట్టీ చెట్టు చుట్టూ తిప్పి బిగించింది.

"గీసొస్తవా ఏంది? అయితే నేను ఇంటికి పోయి వంట చేస్త" అన్నడు అల్లుడు.

ఆమె నవ్వలే. పాదాలు చెట్టుకు తన్ని, వెనక్కి వాలి, రెండు చేతులూ వదిలింది. అట్లనే ఉంది, ఆయన నవ్వు పోయేదాక. తర్వాత విప్పి ఇచ్చింది. ఆయన బెల్టు మీద పాత మోకు గూడ వేసుకొని ఎక్కిండు.

పైన వెనక్కి వాలినప్పుడు ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. నేను బకిల్‌నే చూస్తున్న. పట్టీ కదల్లే.

"ఇయ్యాల్టికి ఆగింది" అన్న.

"రేపు గూడ నేనే ముందు వాలుత" అంది, పైకి చూసుకుంటనే. కొంగు మొకానికి అడ్డం లేదు.